మిస్సు తీసేయమన్న రాయి

మా ఆళ్లగడ్డలో ఎవరికైనా కృతజ్ఞత చెప్పుకోవాలంటే రాయి చెక్కిస్తారు. పక్క ఊళ్ల వాళ్లు దండ వేస్తారు, శాలువా కప్పుతారు, నాలుగు మాటలు పొగిడి ఊరుకుంటారు. మాకు అవి ఆనవు. శిల్పులున్న ఊరు కదా. బావి తవ్వించినవాడికి రాయి, బడికి గది కట్టించినవాడికి రాయి, ఏమీ చేయకుండా వచ్చి రిబ్బను కత్తిరించి పోయినవాడికి అందరికంటే పెద్ద రాయి. కాగితాన్ని చెదలు తింటాయి, నోటిమాట గాలికి పోతుంది, రాయి మాత్రం నిలుస్తుందని మా వాళ్ల నమ్మకం. నిజమే, నిలుస్తుంది. అదే కొంప ముంచింది.

మునిగింది మా ఇంగ్లీషు టీచరు. ముంచింది నేను. ఇది ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువు.

ఆమె డెబ్బైల మొదట్లో నంద్యాలకు వచ్చింది, మా ఆడపిల్లల హైస్కూలుకు. ఊరంతా ఇంగ్లండు దొరసాని అనేది. ఆమెది ఇంగ్లండు కాదు, ఐర్లండు. ఇంగ్లండు అన్నప్పుడల్లా ఆమె ముక్కు ఎర్రబడేది. మా హెడ్మిస్ట్రెస్సు మాత్రం "రెండూ ఒకటే కదా, చివర ఒకే మాట ఉంది" అనేవారు. అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. మనిషి పొడుగు. చీర కట్టేది గానీ అది ఎప్పుడూ చీలమండకు జానెడు పైనే ఆగిపోయేది. మేం వెనక నుంచి చూసి నవ్వుకునేవాళ్లం. ఆమెను మిస్సు అని పిలిచేవాళ్లం.

నేను హాస్టల్లో ఉండి చదివాను. మా నాయనకు ఆళ్లగడ్డ బయట చెనిక్కాయల చేను ఉండేది. కూతుర్ని ఊరు దాటించి చదివిస్తున్నాడని అన్నదమ్ములు ఎకసెక్కాలాడితే, "మీ పిల్లలు ఊర్లోనే ఉండి ఏం ఏలుతాండారు?" అని నోరు మూయించేవాడు.

మిస్సు క్లాసులో అడుగుపెట్టగానే అడిగే మాట ఒకటే: "ఇవాళ ఏం చూశావు?" పుస్తకం తెరవకముందే ఒక్కొక్కరం లేచి, దారిలో చూసినది ఏదో ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. చూడనిది చెప్పకూడదు. మొదట్లో అందరం ఆవు అని, ఎద్దులబండి అని తప్పించుకునేవాళ్లం. ఒకరోజు నేను, హాస్టలు వెనక రైసుమిల్లు ఊక కుప్ప మూడు రోజులుగా కాలుతోందని, పైకి మంట కనపడదని, దగ్గరికి పోతే కాళ్లకు సెగ తగులుతుందని, ఎలాగో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి, "ఇంకా?" అంది.

ఇంకా ఏముంది? ఇంకేమీ లేదు. అయినా ఆ "ఇంకా" కోసం మర్నాడు పొద్దున్నే లేచి ఆ కుప్ప దగ్గరికి మళ్లీ పోయి చూశాను. నా నోట్లోంచి వచ్చే మాట కోసం ఒక పెద్ద మనిషి నిలబడి ఎదురుచూడడం నా జన్మలో అదే మొదటిసారి. ఇంట్లో మాకు అన్నం పెట్టారు, గుడ్డలు కుట్టించారు, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నారు. కానీ ఆడపిల్ల ఏం చూసిందని ఎవరడుగుతారు? ఆమె మీద నాకున్నది ప్రేమే. దానికి ఇంకో పేరు పెట్టి చిన్నది చేయను.

అంత బాగా చెప్పిన నేను పదో తరగతి ఇంగ్లీషులో తప్పాను. నవ్వకండి. పరీక్షకు కావలసింది చూసిన ఊక కాదు, బట్టీ పట్టిన గైడు. గైడు మింగినవాళ్లు గట్టెక్కారు, సొంతంగా రాసినవాళ్లం మునిగాం. పేపర్లో నంబరు లేకపోయేసరికి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. నాయన తిట్టలేదు. "మార్చి పోతే అక్టోబరు ఉండాది. అదీ పోతే ఇంట్లో ఉండు, చేన్లో పని లేకనా?" అన్నాడు.

ఆ జూన్‌లో ఒక ఆదివారం పొద్దున మిస్సు గొడుగు, గుడ్డసంచి పట్టుకుని మా ఊర్లో బస్సు దిగింది. బస్టాండులో నా పేరు అడిగిందట. ఇరవై మంది వెంటబడి ఆమెను మా ఇంటికి ఊరేగింపుగా తెచ్చారు. అమ్మ కంగారుపడి ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో తుడిచింది. ఆమె కూర్చోలేదు. మా నాయన ఎదురుగా నిలబడి ఇంగ్లీషులో ఏదో అంది.

"ఏమంటాంది?" అన్నాడు నాయన నాతో.

"పరీక్ష తప్పింది నేను కాదంట నాయనా, ఆమేనంట."

"ఆయమ్మ గూడా రాసిందా పరీక్ష?"

నేను కిసుక్కున నవ్వాను. ఆమె కూడా ఏమిటని అడిగి తెలుసుకుని నవ్వింది. కానీ ఆమె అన్నది వేళాకోళం కాదు. తన క్లాసులో పిల్లలు తప్పితే అది తాను నేర్పలేకపోవడం వల్లేనని ఆమె మనసులో బలంగా పడిపోయింది. ఆమె స్వభావం అంతే. తప్పు ఎక్కడ జరిగినా పిలవకుండా వెళ్లి నెత్తిన పెట్టుకునేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే తర్వాత వాడుకున్నాను.

ఆళ్లగడ్డలోనూ చుట్టుపక్కలా ఇంగ్లీషు ఒక్కటే పోయిన ఆడపిల్లలం పదకొండు మందిమి తేలాం. అందులో ఒకతె శిల్పి కూతురు. వాళ్ల నాయనను మేమంతా మామ అనేవాళ్లం. ఆదివారం ఉలి పట్టడు కాబట్టి వాళ్ల కొట్టంలో కూర్చోమన్నాడు. రేకుల కొట్టం అది, నేలంతా రాతిపొడి. ముక్కు రాని దేవుళ్లు, చేతులు తేలని దేవతలు చుట్టూ నిలబడి ఉంటే, నడుమ మేము. మిస్సు ఒక నంది వీపు మీద కూర్చునేది. మొదటిరోజు మామ చూసి లెంపలేసుకుని, మళ్లీ తనే, "కండ్లు తెరవని నందిలే, ఏం కాదు" అని సర్దుకున్నాడు.

పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. ఈసారి ఆమె గైడు కూడా తెచ్చింది. సగం పూట గైడు, సగం పూట "ఏం చూశావు". మధ్యాహ్నం వంతులవారీగా ఇళ్ల నుంచి తిండి వచ్చేది. బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు, ఒకరోజు జొన్నరొట్టె, గోంగూర, చెనిక్కాయల పొడి. కారానికి ఆమెకు కళ్లలో నీళ్లు కారుతుంటే మా అమ్మ, "ఏడుస్తాంది పాపం, ఇల్లు గుర్తుకొచ్చినట్టుండాది" అని ఇంకో రొట్టె వేసింది. ఆమె అదీ తింది. మాకు ఆమె అంటే ఎంత పిచ్చంటే, తల దువ్వుకునే తీరు కూడా మార్చుకున్నాం. శిల్పి కూతురు చీర జానెడు పైకి కట్టి తల్లి చేత మొట్టికాయ తింది.

ఒక సాయంత్రం బస్టాండులో ఆమె నాతో ఒక మాట చెప్పింది. ఈ దేశంలో ఉండడానికి ఆమెకు ఏడాదికోసారి అనుమతి కావాలి. ఆ కాగితం మీద నంద్యాల స్కూలు పేరు ఒక్కటే ఉంటుంది. ఇంకెక్కడా ఆమె పని చేయకూడదు. "అందుకని నేను ఇక్కడికి పనికి రావడం లేదు, మీ అమ్మగారి చేతి భోజనానికి వస్తున్నాను. ఎవరడిగినా అంతే" అని నవ్వింది. ఇంగ్లీషులోనే చెప్పింది. ప్రతి మాటా నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పిందని పొంగిపోయాను గానీ, ఆ సంగతి ఏమిటో తలకెక్కించుకోలేదు.

ఆగస్టు వచ్చేసరికి మాలో అందరికీ ధైర్యం వచ్చింది. అక్టోబరులో గట్టెక్కుతామని నమ్మకం కుదిరింది. అప్పుడు మామ అన్నాడు: "ఆయమ్మకు మనం ఏం చేయల్ల? ఒక రాయి ఏస్తాం."

మాకు అంతకంటే మంచి ఆలోచన లోకంలో ఉంటుందని తోచలేదు. మామ నల్లటి పలక ఒకటి తీసి నునుపు పెట్టాడు. ఇంగ్లీషులో చెక్కాలన్నారు, అప్పుడే ఆమె చదువుకోగలదు. రాసే పని నాకు పడింది. రెండు రోజులు కూర్చుని, ఆమె నేర్పినట్టే, చూసింది చూసినట్టు రాశాను: "ప్రతి ఆదివారం ఈమె బస్సులో వచ్చి ఇక్కడ మాతో కూర్చుంది. మా మాటలు విన్నది." తెలుగులో చదివి వినిపిస్తే మామ ఉలి కింద పెట్టి నవ్వాడు.

"అదేందిమే, రాయి మీద కూర్చుండె, లేసె అని రాస్తారా ఎవరన్నా? రాయికి ఒక మర్యాద ఉండాది. ఫలానా వారు స్థాపించిరి అని ఉండాల. మా తాత కాడినుంచి అట్లనే కొడ్తాండాం."

నాకు మొదట మనసు ఒప్పలేదు. తర్వాత ఆలోచించుకుంటే నాకూ బాగనిపించింది. నిజం చెప్పాలంటే, "కూర్చుంది" అనే మాట కంటే "స్థాపించిరి" అనే మాట ఉన్న రాయి పక్కన నిలబడితే నేను పొడుగ్గా కనపడతాననిపించింది. డిక్షనరీ తీసి, మంచి బరువైన మాటలు ఏరి రాశాను. ఈ ఇంగ్లీషు పాఠశాలను స్థాపించి నడుపుతున్న మా గురువుగారికి ఆళ్లగడ్డ విద్యార్థినులు కృతజ్ఞతతో సమర్పించినది అని, ఆ పైన ఆమె పూర్తి పేరు. ఒక్క తప్పు లేదు. ఇంగ్లీషులో తప్పిన పిల్ల రాసిన వాక్యం, రాతిలో దిగింది. అక్షరాలు లోతుగా కొట్టమని మామకు నేనే చెప్పాను.

ఆ ఆదివారం కొట్టం గుమ్మం పక్క గోడలో రాయి నిలబెట్టి, పసుపు గుడ్డ కప్పి, దండ వేసి సిద్ధం చేశాం. మిస్సు వచ్చింది. మామ భార్య హారతి పట్టింది. గుడ్డ తీశాం. ఆమె ముందు నవ్వింది, వంగి చదివింది. చదువుతుంటే ఆమె మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. చూడడం ఆమే కదా నేర్పింది.

నా భుజం పట్టుకుని మెల్లగా అంది: "దీన్ని తీసేయండి. దయచేసి. ఇవాళే తీసేయండి." ఇంకోసారి అంది. మూడోసారి అన్నప్పుడు ఆమె వేళ్లు నా భుజంలో దిగాయి.

"ఏమంటాంది?" అన్నాడు మామ.

మా వైపు ఒక పద్ధతి ఉంది. సన్మానం చేస్తే చేయించుకునేవాళ్లు "ఇవన్నీ ఎందుకప్పా, తీసేయండి" అనాలి. అనకపోతే ఆశపోతు అంటారు. అంటే, "పెద్దోళ్లు అట్లనే అంటారు" అని ఇంకో దండ వేస్తారు. తీసేయమన్నందుకు ఎవరూ ఎప్పుడూ ఏదీ తీసేయలేదు. మిగతావాళ్లంతా ఆమె గొంతు విని అదే అనుకున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. నాకు మాత్రం తెలుసు. ఆమె మర్యాదకు అనడం లేదు, భయపడి అంటోంది. బస్టాండులో చెప్పిన కాగితం కూడా ఆ క్షణంలో గుర్తొచ్చింది. కానీ అది నా వాక్యం. లోతుగా కొట్టించిన నా వాక్యం. ఊరంతా చూడాల్సినది, పరీక్ష పేపరు దిద్దిన ఆ మొహం తెలియని మనిషి కూడా వచ్చి చూడాల్సినది.

"సిగ్గుపడతాండాది మామా. నాకెందుకు ఇయ్యన్నీ అంటాండాది."

అందరూ చప్పట్లు కొట్టారు. మామ ఇంకో దండ తెచ్చి రాయికి వేశాడు. మిస్సు నన్ను చూసింది. నేను చెప్పేశానని, వాళ్లు వినలేదని అనుకున్నట్టుంది. ఆ పూట పాఠం చెప్పింది గానీ, ఎవర్నీ ఏం చూశావని అడగలేదు.

తర్వాతి వారం నడుమ ఒకరోజు, విదేశీయుల కాగితాలు చూసే ఆఫీసు నుంచి ఒక మనిషి ఆళ్లగడ్డ వచ్చాడు. ఆమె అనుమతి కాగితానికి ఏడాది నిండుతోందట, ప్రతిసారీ చేసే విచారణేనట. ఆదివారాలు ఇక్కడికి వస్తుందని ఎవరో చెబితే చూసిపోదామని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. సైకిలు గోడకు ఆనించి, మంచినీళ్లడిగి తాగాడు. మామ ఊర్లో లేడు. మామ భార్య గుమ్మంలో ఉంది, నేనూ మామ కూతురూ లోపల గైడు ముందేసుకుని ఉన్నాం.

"ఆ దొరసాని ఈడికి ఎందుకొస్తాదమ్మా?"

"చుట్టంగా వస్తాది సార్. మా పాప ఆమె కాడ చదివింది. అన్నం తిని పోతాది."

ఆ ఇల్లాలికి అక్షరం రాదు. ఏ కాగితం గురించీ ఎవరూ ఆమెకు చెప్పలేదు. అయినా ఆఫీసు మనిషి ముందు ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. అతను తల ఊపి కాగితం మడుస్తూ గోడవైపు చూశాడు.

"ఈ రాయి ఏందీ?"

"ఎవరో ఆర్డరిచ్చి తీసుకపోలేదు సార్. అట్లాంటివి శానా పడుండాయి ఈడ."

అతను రాయి ముందు వంగాడు. పెదాలు కదుపుతూ చదివాడు. పేరు దగ్గర ఆగాడో లేదో నాకు తెలియదు. ఆగి, చూడనట్టే పోదామనుకున్నాడేమో కూడా. ఎందుకంటే లేచి సైకిలు వైపు తిరిగి, నవ్వుతూ ఒక మాట అన్నాడు: "ఎవరు రాసినారో గాని, ఇంగ్లీషు బాగుండాది."

నేను లోపలి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాను.

"నేనే సార్."

మామ భార్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. అతను మళ్లీ సైకిలు ఆనించి, జేబులోంచి కాగితం తీశాడు. చదవమన్నాడు. చదివాను, గొంతెత్తి. స్థాపించడం అంటే ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఎంతమంది, ఏ రోజు, ఏ వేళకు, అన్నీ అడిగాడు. అన్నిటికీ ఇంగ్లీషులోనే చెప్పాను. అతను "గుడ్" అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులో దిగి గంతులు వేశాను.

సెప్టెంబరులో ఆమెకు కాగితం వచ్చింది. అనుమతి పొడిగించడం లేదు, రెండు వారాల్లో దేశం విడిచి వెళ్లాలి. స్కూలు వాళ్లు కర్నూలు దాకా తిరిగారట. రాయి మీదే ఉంది కదా అని అక్కడి ఆఫీసర్లు అన్నారట. మామకు ఈ సంగతి తెలిసిన రోజు ఉలీ సుత్తీ తీసుకుని రాయి ముందు కూర్చున్నాడు. చెరిపేద్దామని చూశాడు. అక్షరాలు లోతు. అరచేతి మందం తీస్తే తప్ప పోవు, అంత తీస్తే పలక పగులుతుంది. "నా చేత్తో నేనే కొడితినే" అని తల గోడకు ఆనించి కూర్చున్నాడు. చివరకు గోడలోంచి పెరికి, అక్షరాలు నేలవైపు పెట్టి, గుమ్మం ముందు మెట్టుగా పరిచాడు. అది నా పనని ఆయన ఒక్కనాడూ అనలేదు. ఆయన భార్య కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆమె వెళ్లిపోయేరోజు నేను, నాయన నంద్యాల స్టేషనుకు పోయాం. గుంతకల్లు పోయే చిన్న బండి అది, ఎప్పుడూ ఆలస్యమే. స్కూలు పిల్లలు చాలామంది వచ్చారు, ఏడ్చారు. నాయన మూటలో చెనిక్కాయలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. బండి వచ్చాక, పెట్టె లోపల పెట్టించి, ఆమె మళ్లీ దిగి నా దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు రాయి తీసేయమని మూడుసార్లు అడిగాను. నీకు అర్థమైంది కదా?"

కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని అడిగింది, అంతే. అయిందని ఒక్క మాట అంటే చాలు. అంటే ఆమెకు నేనేమిటో తెలిసిపోతుంది. నా మాట కోసం లేచి నిలబడిన ఏకైక మనిషి, నన్ను అట్లా చూసి వెళ్లిపోతుంది.

"లేదు మిస్. మీరు వేగంగా అన్నారు. నాకు అర్థం కాలేదు."

 ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "అయితే తప్పు నాది. ఇన్నేళ్లు చెప్పి కూడా నీకు అర్థమయ్యేట్టు ఒక్క మాట నేర్పలేకపోయాను" అంది.

"ఏమంటాంది?" అన్నాడు పక్కనుంచి నాయన.

"బాగా చదువుకోమంటాంది నాయనా."

అక్టోబరులో నేను పాసయ్యాను. గైడులో ఉన్నది ఉన్నట్టు దించి వచ్చాను. మిగతా పదిమందిలో ఇద్దరే గట్టెక్కారు. శిల్పి కూతురు పరీక్షకే పోలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి సంవత్సరానికో కార్డు వచ్చేది. మొదటిది చేతికి రాగానే ఎంత ఆశగా తెరిచానో. లోపల పెద్ద పెద్ద అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య వేలెడు ఖాళీ. నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా. ఇక్కడ వాన. నాకు ఒక కుక్క ఉంది. ఒకటో తరగతి వాచకంలా ఉంది. నాతో గంటలు గంటలు మాట్లాడిన మనిషి, నాకు ఇంగ్లీషు రాదని నమ్మి, నాకు అందేటంత చిన్నగా రాసింది.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేనూ అట్లాగే జవాబు రాశాను. వచ్చిన ఇంగ్లీషును దాచి, రానిదానిలా రాశాను. మంచి వాక్యం ఒక్కటి పడినా స్టేషన్లో చెప్పింది అబద్ధమని తేలిపోతుంది కదా. నేను బాగున్నాను. మా ఇంట్లో ఎద్దు ఉంది. తప్పులు కూడా అక్కడక్కడా చూసి చూసి పెట్టేదాన్ని. ఆ తప్పులు ఒక్కొక్కటీ చదువుతూ ఆమె ఏమనుకుని ఉంటుందో, రాసేటప్పుడు తెలియనిదాన్ని కాదు. మూడో కార్డులో రాసింది: నేను ఇప్పుడు బడిలో లేను. దుకాణంలో పని. నేను మంచి టీచరు కాదు.

ఆ కార్డు పట్టుకుని ఏడ్చాను. ఏడ్చి, మళ్లీ ఎద్దు గురించే రాశాను.

ఎనభైల మొదట్లో నాకు ట్రైనింగు అయ్యి, ఉయ్యాలవాడ దగ్గర ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషు టీచరుగానే. గైడు చదివించి, బట్టీ పట్టించి, పాసు చేయించేదాన్ని. మంచి టీచరమ్మ అని పేరు కూడా వచ్చింది. ఏం చూశావని మాత్రం ఏ పిల్లనూ అడగలేకపోయాను. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే, ఆ పిల్ల లేచి నిజం చెబితే, వినే మొహం నాకు లేదు.

ఎనభైల నడుమ ఒక ఏడు వచ్చిన కార్డు తెరిచి చూస్తే, లోపల తెలుగు. మొదట ఎవరి చేతనో రాయించిందనుకున్నాను. కాదు. అక్షరాలు వంకరటింకరగా, తలకట్లు ఎగిరిపోయి, ఒక్కో గుండ్రం రెండుమూడుసార్లు దిద్ది ఉంది. పలక మీద దిద్దుకునే పిల్ల చేతిరాత. అరవై ఏళ్ల మనిషి, ఆ చలిదేశంలో, ఎవర్ని పట్టుకుని ఎట్లా నేర్చుకుందో తెలియదు.

"నేను తెలుగు నేర్చుకున్నాను. నా మాట నీకు తెలియలేదు. అందుకని నీ మాట నేను నేర్చుకున్నాను. ఆ రోజు రాయి తీసేయండి అన్నాను. ఇప్పుడు తెలిసిందా?"

ఆ సెలవు రోజున ఆళ్లగడ్డ పోయాను. మామ పోయి అప్పటికి ఏడాది. కొట్టం ముందు మెట్టు అట్లాగే ఉంది, నడిచి నడిచి పైభాగం నునుపెక్కింది. దాని మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మొత్తం రాసేద్దామనుకున్నాను, ఆమె నేర్పిన ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. ఆ ఇంగ్లీషు చూస్తే చాలు, చదవకముందే ఆమెకు అంతా తెలిసిపోతుంది. తాను మంచి టీచరేనని తెలుస్తుంది. నేనేమిటో కూడా తెలుస్తుంది. ఆ రెండో దానికి భయపడి మొదటిది ఆమెకు ఇవ్వలేకపోయాను.

నంద్యాల పోస్టాఫీసులో నిలబడి విదేశాలకు పంపే నీలం ఉత్తరం ఒకటి కొన్నాను. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య వేలెడు ఖాళీ వదిలి, ఆమె చదువుకోగలిగేట్టు రాశాను: "ఇప్పుడు తెలిసింది మిస్."

మళ్లీ కార్డు రాలేదు. తెలిసిందన్నాను కదా అని నిశ్చింతగా ఊరుకుందో, మనిషే పోయిందో నాకు తెలియదు. రాసి అడగడానికి ఏ భాషలో రాయాలో కూడా నాకు తెలియలేదు.